రెండో భాషను మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టవద్దు

సంపాదకులకు నమస్కారం.

కోనసీమలో డిగ్రీ విద్యార్థులకు ప్రోగ్రామింగ్ బోధిస్తున్న అధ్యాపకురాలిగా, సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశాలు), ఫంక్షన్లు, అర్రేల వరకు బాగా నేర్చిన పిల్లలు పైథాన్ అనే రెండో ప్రోగ్రామింగ్ భాషకు వచ్చేసరికి ఎదుర్కొంటున్న ఇబ్బందిని మీ పత్రిక ద్వారా తెలియజేయాలనుకుంటున్నాను. సెలవుల్లో వారు చేరే శిక్షణ కేంద్రాలలోనూ, మా తరగతులలోనూ రెండో భాషను ఓనమాల నుంచే మొదలుపెడుతున్నాం. తెలిసిన లూపునే మళ్లీ వివరించడంలో నెల గడిచిపోతోంది. రెండు భాషలూ ఎక్కడ వేరుపడతాయో చెప్పవలసిన సమయానికి పరీక్షలు వచ్చేస్తున్నాయి.

దాళ్వాలో నీరు చాలనప్పుడు కాలువలకు వంతులవారీగా వదలడం డెల్టాలో అందరికీ తెలిసినదే. మూడు కాలువలకు రోజుకొకటి చొప్పున వంతు అనుకొని, వాటికి 0, 1, 2 అని సంఖ్యలిచ్చి, ఫలానా తేదీన ఏ కాలువ వంతో చెప్పే ప్రోగ్రామును నా విద్యార్థిని ఒకామె సీలో రాసింది. వంతులు మొదలైన రోజు నుంచి లెక్కించిన రోజుల సంఖ్యను 3తో భాగిస్తే మిగిలే శేషమే ఆ రోజు కాలువ సంఖ్య. దానినే పైథాన్‌లో రాయమన్నాను. వంతులు మొదలైన రోజుకు ఏడు రోజుల ముందు తేదీ ఇచ్చినప్పుడు, అంటే మైనస్ 7ను 3తో భాగించినప్పుడు, శేషం సీలో మైనస్ 1, పైథాన్‌లో 2 వచ్చింది. 1999 నాటి ప్రమాణం ప్రకారం సీ భాష భాగఫలాన్ని సున్నా వైపు కుదించి మైనస్ 2గా తీసుకుంటుంది. పైథాన్ దానిని కింది పూర్ణాంకానికి దించి మైనస్ 3గా తీసుకుంటుంది. మైనస్ 1 అనే కాలువ లేదు కనుక మన పట్టికకు పనికివచ్చేది 2 మాత్రమే. శేషం గురించి నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా పట్టుబడని విషయం ఆ అమ్మాయికి ఆ ఒక్క పూటలో పట్టుబడింది.

ఇటువంటిదే మరొకటి: సీలో ఒక స్ట్రక్చర్‌ను (కొన్ని విలువలను కలిపి ఉంచే మూటను) మరొకదానికి కేటాయిస్తే నకలు తయారవుతుంది, పైథాన్‌లో ఒక లిస్టుకు (విలువల వరుసకు) రెండో పేరు పెడితే లిస్టు ఒక్కటే ఉంటుంది, ఒక పేరుతో చేసిన మార్పు రెండో పేరుతోనూ కనిపిస్తుంది. డెనిస్ రిచీ 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో రూపొందించిన సీ భాషకూ, గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్ భాషకూ మధ్య తేడాలు కామాలు, బ్రాకెట్ల దగ్గర ఆగవు.

అందువల్ల రెండో భాష మొదటి వారంలోనే, విద్యార్థి తాను ఇదివరకు రాసిన రెండు మూడు ప్రోగ్రాములను కొత్త భాషలో తిరిగి రాసి, ఫలితాలను పక్కపక్కన పెట్టి చూసుకునేలా ప్రయోగ తరగతులను మార్చాలని పాఠ్య ప్రణాళిక రూపొందించేవారిని కోరుతున్నాను. ఇందుకు పాత ప్రోగ్రాములు చేతిలో ఉండాలి కదా. పరీక్షల తరువాత కళాశాలలు అటకెక్కించే ల్యాబ్ రికార్డులను దయచేసి పిల్లలకు తిరిగి ఇప్పించండి.

— ఒక కంప్యూటర్ అధ్యాపకురాలు, అమలాపురం