బస్సు ఆగే చోటే మ్యాప్‌లో స్టాపు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నం ఎన్ఏడీ జంక్షన్‌లో బస్టాపు ఎక్కడని అడిగితే, ‘ఎటు వెళ్లాలి?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. గాజువాక వైపు బస్సులు ఒక చోట, గోపాలపట్నం వైపువి మరో చోట, కంచరపాలెం వైపువి ఇంకో చోట ఆగుతాయి. మ్యాప్‌లో ఇలాంటి జంక్షన్‌కు ఒకే చుక్క పెట్టి వదిలేస్తే, ఊరికి కొత్తవాళ్లు దాన్ని నమ్ముకుని వెళ్లి, ఎక్కాల్సిన బస్సు రోడ్డు అవతల వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడాలి. 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. కానీ తప్పు స్టాపులో దిగితే ఆటోవాడు ఊరికే తీసుకెళ్లడు కదా!

ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004 నుంచి ఉంది. అందులో స్టాపులు పెట్టేవాళ్లలో ఎక్కువమంది జీతం లేకుండా పనిచేసేవాళ్లే. వాళ్లను తప్పుపట్టడం లేదు. పెట్టినవాటిని సరిచూసే ఏర్పాటు కూడా ఉండాలంటున్నాను.

కొన్ని తప్పులను కంప్యూటరే పట్టేస్తుంది: పేరు లేని స్టాపు, పక్కపక్కనే రెండుసార్లు పడిన స్టాపు, నడిరోడ్డు మీద చుక్క. మన దగ్గర బస్సు ఎడమవైపు ఆగుతుంది కాబట్టి, వెళ్లే దిశకు కుడివైపున స్టాపు కనిపిస్తే అనుమానించాలి. అక్షాంశ రేఖాంశాల అంకెలూ చూడాలి. దశాంశ బిందువు తర్వాత 5 అంకెలుంటే చోటు దాదాపు మీటరు తేడాతో తెలుస్తుంది. ఎవరో ఎక్సెల్‌లో 3 అంకెలకు కుదించేస్తే స్టాపు 50 మీటర్లకు పైగా జరిగిపోవచ్చు. హనుమంతవాకలో అంత తేడా వస్తే జంక్షన్‌కు ఏ పక్క నిలబడాలో తెలియదు.

అయితే డ్రైనేజీ పనుల కోసం స్టాపును ముందుకు జరిపారన్న సంగతి కంప్యూటర్‌కు తెలియదు. ఉపగ్రహ చిత్రంలో షెల్టర్ కప్పు కనిపించవచ్చు, అక్కడ బస్సు ఆగుతుందో లేదో కనిపించదు. అది డ్రైవర్లు, కండక్టర్లు, ఎదురుగా టీ కొట్టు నడిపేవాళ్లే చెప్పాలి.

ఆర్టీసీ టికెట్ మిషన్లలో జాబితా ఉందిగా అనవచ్చు. అందులో ఉండేవి ఛార్జీ లెక్కకు పెట్టుకున్న స్టేజీలు. రెండు స్టేజీల మధ్య ఆగే చోట్లు వేరే ఉంటాయి. పైగా పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ స్టేజీ పేరు ఒకటే, నిలబడాల్సిన పక్క మాత్రం వేరు. వేరే కంపెనీ మ్యాప్ చూసి కాపీ కొట్టడమూ కుదరదు. లైసెన్సు ఒప్పుకోదు, దాని తప్పులు కూడా మనకు అంటుకుంటాయి.

ఢిల్లీ రవాణా శాఖ 2018లోనే బస్సుల సమాచారాన్ని అందరికీ తెరిచింది. మన ఆర్టీసీ కూడా స్టాపుల జాబితాను ఎవరైనా వాడుకునే లైసెన్సుతో విడుదల చేయాలి. షెల్టర్ మార్చినప్పుడల్లా నగరపాలక సంస్థ జీవీఎంసీ ఆ సంగతి ప్రకటించాలి. కాలేజీల ఎన్ఎస్ఎస్ విద్యార్థులు రూటు వెంట నడిచి, ప్రతి స్టాపునూ ఫొటో తీసి, ఏ పక్కన ఉందో, ఏ తేదీన చూశారో నమోదు చేయవచ్చు. తేదీ లేకపోతే రెండేళ్ల తర్వాత ఆ సమాచారాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియదు. గాజువాక నుంచి కొమ్మాది దాకా హైవేతో మొదలుపెడితే ఎక్కువమందికి ఉపయోగం. రాత్రిపూట స్టాపులో లైటు వెలుగుతోందో లేదో కూడా అదే పనిలో రాసుకోమనండి.

— ఒక పాఠకురాలు,
మర్రిపాలెం, విశాఖపట్నం