కోఠిలో చెప్పుకోవాల్సిన కథలు

శీనూ,

ఎలా ఉన్నావురా? సెలవులకి పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వస్తున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. చార్మినార్, గోల్కొండ ఎలాగూ చూస్తారు. ఒక పూట మాత్రం కోఠికి ఉంచు. అక్కడి పాత రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఇంగ్లీషువాళ్ళ ప్రతినిధిగా ఉండే రెసిడెంటు మేడ, వాళ్ళకి దగ్గరుండి చూపించాలని ఉంది.

ఎత్తైన స్తంభాలు, మెట్లకి అటూ ఇటూ సింహాలు. రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు, డబ్బు నిజాముది. అక్కడికి ఎవరు తీసుకెళ్ళినా ముందు చెప్పేది ఆయన ప్రేమకథే. ఆయన పోవడంతో ఆ కథ కూడా ఆపేస్తారు. మరి ఆయన భార్య ఖైరున్నిసా సంగతేంటి? 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండ్ పంపేశారు, అదే ఏడు భర్త పోయాడు. మళ్ళీ బిడ్డల మొహం చూడకుండానే 1813లో ఆమె కన్నుమూసింది. ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. నా దృష్టిలో ఆ మేడ కథ ఆమెదే.

ఇంకో కథ గేటు బయటిది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కలిసి రోహిల్లా పఠాన్లని వెంటేసుకుని ఈ రెసిడెన్సీ మీదికి వచ్చారు. ఇంగ్లీషువాళ్ళ చెరలో ఉన్న జమేదార్ చీదా ఖాన్‌ని విడిపించాలని. ఎదురుగా పుత్లీబౌలి ఇళ్ళలో చేరి రాత్రంతా కాల్పులు జరిపారు. గెలవలేదు. మౌల్వీని అండమాన్ పంపేశారు. తుర్రేబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకుంటే తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని తెచ్చి ఇక్కడే అందరికీ కనబడేలా వేలాడదీశారు. ఈ వీధిలో నడిచే ప్రతివాడూ భయపడాలని! ఆ భయం కథకి మన నోటితో జవాబు చెప్పుకోవద్దూ? కోఠిలో ఆయన స్మారకం ఉంది. పక్కనే బస్సు కోసం నిలబడ్డవాళ్ళని అడిగితే అదెవరిదో చెప్పేవాళ్ళు తక్కువ. రాయి పాతితే సరిపోదురా, ఆ రాయి దగ్గర నిలబడి పిల్లలకి చెప్పేవాళ్ళుండాలి.

ఇప్పుడా ఆవరణ మహిళా విశ్వవిద్యాలయం. 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తన పొలం, తన పంట దొర పాలు కాకుండా నిలబడిన మనిషి పేరు, రెసిడెంటు దొర ఇంటికి! మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు పులకరించింది. అక్కడ చదివే ఆడపిల్లలే ఈ ముగ్గురి కథలూ వచ్చినవాళ్ళకి చెప్తే ఎంత బాగుంటుంది!

అన్నట్టు, మీ బందరులో డచ్చివాళ్ళ సమాధులు భద్రంగా ఉన్నాయి కదా. వాళ్ళు ఓడలకెత్తిన బట్టని నేసినవాళ్ళ గురించి, అద్దకం వేసినవాళ్ళ గురించి మీ అమ్మమ్మ ఏమైనా చెప్పేదా? పెడన వైపు పెద్దవాళ్ళని కూడా అడిగి, వచ్చేటప్పుడు రాసుకుని తీసుకురా.

నీ
మూర్తి