వదినగా వస్తున్న నీ నేస్తం

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

అన్నయ్యకు నీ నేస్తంతో సంబంధం ఖాయమైందని అమ్మ ఫోనులో చెబితే, సంతోషమని ఒక్క మాట అని నువ్వు ఊరుకున్నావట. ఆ పిల్ల గుణుపురం రైలు దిగి మనింటికి వచ్చినప్పుడల్లా, నీ నోటుపుస్తకం అంచున పెన్సిలుతో సున్నాలు చుట్టడం, సున్నా ఉన్న ప్రతిచోటా నువ్వు కవితను తిరగరాయడం నేను చూసినవే కనుక, నీ దిగులు నాకు అర్థమైంది.

అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్‌కు ఇటువంటిదే ఎదురైంది. ఆమె, ఆమె ప్రాణస్నేహితురాలు సూజన్ గిల్బర్ట్ 1830 డిసెంబరులో తొమ్మిది రోజుల తేడాతో పుట్టారు. 1856లో సూజన్ ఎమిలీ అన్న ఆస్టిన్‌ను పెళ్లాడి, ఆమ్హర్స్ట్‌లో మామగారు తమ ఇంటి పక్కనే కట్టించిన ఇంట్లో కాపురం పెట్టింది. కవిత్వం విషయంలో ఆ పెళ్లి వాళ్లను విడదీయలేదు. 1859లో ఎమిలీ రాసిన ఒక కవితలో రెండవ చరణం సూజన్‌కు నచ్చలేదు. 1861లో మరొకటి రాసి పంపితే అదీ కుదరలేదని, మొదటి చరణానికి జోడు అక్కర్లేదని జవాబిచ్చింది. వదిన మొహమాటపడకుండా అంత మాట చెప్పగలగడం నాకు ఎంతో నచ్చింది. ఎమిలీ జీవితకాలంలో ఆ పక్కింటికి రెండు వందల యాభైకి పైగా కవితలు వెళ్లాయి.

దెబ్బ తగిలింది ఆ దంపతుల కలహం వల్ల. 1882 నుంచి ఆస్టిన్ మేబెల్ టాడ్ అనే వివాహితకు దగ్గరయ్యాడు; వాళ్లు కలుసుకున్నది ఎమిలీ ఉండే ఇంట్లోనే. 1886లో ఎమిలీ పోయినప్పుడు పత్రికకు నివాళి రాసింది సూజనే అయినా, 1890లో వెలువడిన తొలి కవితాసంపుటికి మేబెల్ ఒక సంపాదకురాలైంది. ఎమిలీ పాత ఉత్తరాల్లో సూజన్ ప్రస్తావనలను కొన్నిచోట్ల చెరిపివేశారు కూడా. తన స్నేహంలో ఏ లోపమూ లేకుండానే ఒక మనిషి పేరు అలా చెరిగిపోవడం తలచుకుంటే నా మనసుకు కష్టంగా ఉంటుంది.

మీ అన్నయ్య మీద నాకు అనుమానమేమీ లేదు. అయినా ఏ కాపురంలోనైనా మాటా మాటా రాక తప్పదు. అప్పుడు వాళ్లకు సర్దిచెప్పడానికి అమ్మా నేనూ ఉన్నాం, నువ్వు ఎవరి పక్షమూ పట్టవద్దు. ఆడపడుచు లాంఛనాల మాట ఎత్తవద్దని మన పెద్దలకు ఇప్పటికే చెప్పాను. పెళ్లయ్యాక వాళ్లు రాయగడలో ఉంటారు కనుక, కొత్త కవితలను అన్నయ్య ఫోనుకు కాక నేరుగా ఆమెకే పంపి, నచ్చనివి నచ్చలేదని ఎప్పటిలాగే చెప్పమని అడుగు.

ఇట్లు,
నాన్న