యూత్ క్యాంప్‌కి చెయ్యేసిన వాళ్ళందరికీ వందనాలు, లెక్క కూడా చూసుకోండి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. క్యాంప్ అయిపోయి వారం దాటింది, షామియానా వాళ్ళకి డబ్బులు ఇచ్చేశాం, పోయిన నా గొంతు కూడా తిరిగొచ్చింది, ఇంకా రాయకపోతే బావుండదని రాస్తున్నా. పేర్లు పెట్టొద్దని సగం మంది ముందే గట్టిగా చెప్పారు కాబట్టి పెట్టట్లేదు, చదివితే ఎవరి సంగతి వాళ్ళకి తెలిసిపోద్ది.

నన్ను తెలియని వాళ్ళకి, నేను ఎరువుల షాపులో లెక్కలు రాసుకునే మనిషిని, పాస్టర్‌ని కాదు, బైబిల్ కాలేజీ మొహం చూడలేదు. షాపు మూసేసి చర్చికి పోయి యూత్‌తో కూర్చుంటా, అంతే. మా ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ళలో ఈ పని ఎట్లా ఉంటదంటే, టెన్త్ దాకా సండే స్కూల్లో ముందు వరసలో కూర్చున్న పిల్లోడు ఇంటర్‌కి రెసిడెన్షియల్ కాలేజీలో పడితే ఇక రెండేళ్ళు కనపడడు, ఆదివారం కూడా స్టడీ అవర్సే, నెలకోసారి ఔటింగ్ ఇస్తే వాళ్ళమ్మ దగ్గర పడుకోవాలా మన మీటింగ్‌కి రావాలా చెప్పండి. చదువు ఆపేసినోళ్ళు చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో షిఫ్టులు, నైట్ డ్యూటీ చేసి వచ్చి వెనక బెంచీలో కళ్ళు మూసుకుంటారు, ప్రార్థన చేస్తున్నాడేమో అనుకుంటాం. (పౌలంతటి వాడు ప్రసంగం అర్ధరాత్రి దాకా లాగితేనే ఐతుకు అనే కుర్రాడు నిద్రలో తూలి కిటికీలోంచి మూడో అంతస్తు నుంచి పడ్డాడు, మనమెంత.) ఆడపిల్లలైతే పాటల ప్రాక్టీస్ ఏడు దాటితే ఇంటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు, వాళ్ళ భయం వాళ్ళది, తప్పు పట్టలేం. ఇంకొకడు బైబిల్ యాప్ ఓపెన్ చేశానన్నా అంటాడు, వేలు మాత్రం రీల్స్ తిప్పుతానే ఉంటది.

ఇవన్నీ పర్లేదు, ఓపిక పడితే పోతాయి. నాకు కష్టంగా అనిపించేది వేరే ఉంది. క్రిస్మస్‌కి స్టార్ కట్టాలన్నా కుర్చీలు మొయ్యాలన్నా "యూత్ ఏరయ్యా" అంటారు, అదే డబ్బు విషయమో ప్రోగ్రాం విషయమో వస్తే "మీకింకా వయసు రాలేదు" అంటారు. పిల్లలు చర్చికి రావట్లేదని బాధపడేదీ మనమే, వచ్చినోళ్ళకి పని అప్పజెప్పనిదీ మనమే.

అందుకే ఈసారి సాయం చేసిన వాళ్ళకి మామూలు థ్యాంక్స్ చెప్తే సరిపోదనిపించింది.

ముందుగా స్థలం ఇచ్చిన స్కూల్ కరస్పాండెంట్ గారికి. మేం మాట్లాడుకున్న హాల్ వాళ్ళు చివర్లో పెళ్ళి బుకింగ్ వచ్చిందని చేతులెత్తేస్తే, ఈయన మా సంఘం కూడా కాదు, అసలు క్రైస్తవుడే కాదు, "సెలవులే కదా, వాడుకోండి, బోర్డుల మీద మాత్రం ఏం గీయొద్దు" అని తాళాలు ఇచ్చేశారు. రెండో రోజు బోరు మోటారు కాలిపోయింది, మే నెల ఎండ, మూడు ఊళ్ళ పిల్లలు, చుక్క నీళ్ళు లేవు. మెకానిక్ ఖాళీ లేకపోయినా మా వీధి సాయిబు బాబాయి వైండింగ్ చేయించుకొచ్చి బిగించేదాకా కదల్లేదు, ఈలోపు ట్యాంకర్ కూడా ఆయనే పిలిపించాడు, డబ్బులిస్తే తీసుకోలేదు, బిర్యానీ పెడితే మాత్రం తిన్నాడు. వంట చేసిన అత్తమ్మలకి వందనాలు. సాంబారు గురించి కంప్లైంట్ చేసినోడిని ఉల్లిపాయలు కొయ్యడానికి కూర్చోబెట్టారు, ఆ తర్వాత ఎవడూ నోరెత్తలా.

గవర్నమెంట్ హాస్పిటల్లో చేసే నర్సక్కకి ప్రత్యేకంగా చెప్పాలి. పేరు రాయకుండా ఏ ప్రశ్న అయినా చీటీ మీద రాసి డబ్బాలో వెయ్యండని చెప్పాం. మేమేమో ప్రకటన గ్రంథం గురించీ అంత్య దినాల గురించీ అడుగుతారని రెడీ అయ్యాం. డబ్బా తెరిస్తే "నాన్న తాగొచ్చి అమ్మని కొడితే మధ్యలోకి వెళ్ళొచ్చా", "సప్లీలో కూడా పోతే ఇంట్లో ఎట్లా చెప్పాలి", "వేరే కులం అమ్మాయి అంటే ఇష్టం, ఇది పాపమా", "రాత్రిళ్ళు నిద్ర పట్టదు, చచ్చిపోవాలనిపిస్తది". ఆ చివరి చీటీ చదివినప్పుడు నాకు చేతులు ఆడలా. నర్సక్క వాక్యం చెప్పి వదిలెయ్యలేదు, ఒక్కొక్కటీ తీసుకుని ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఏ మాట ఎట్లా మొదలుపెట్టాలి, నిద్ర పట్టకపోవడం సిగ్గుపడాల్సిన విషయం ఎందుకు కాదు, డాక్టర్‌కి చూపించుకోవడం విశ్వాసం తక్కువై కాదు అని రెండు గంటలు చెప్పింది. సాయంత్రం ఆ చీటీ రాసిన వాళ్ళు అక్కని పక్కకి పిలిచి మాట్లాడారు, అక్క వాళ్ళ ఇంటికి కూడా వెళ్ళొచ్చింది. అంతకుమించి ఇక్కడ రాయను. చీటీలన్నీ కాల్చేశాం.

చివరి రోజు తెల్లారకముందే ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కించిన రిటైర్డ్ మాస్టారికి, మోకాళ్ళ నొప్పులతో ఎక్కారు పాపం, వందనాలు. 1854 జనవరి 1న అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురే అక్కడ ప్రార్థన చేశారని చెప్పారు, అందులో జూలియా చాలా చిన్నది అనేసరికి ఆడపిల్లలు నోట్స్ తీశారు. కానీ పిల్లలు నిజంగా చెవులు రిక్కించింది కరువు సంగతి దగ్గర. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్ట్ తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి పని ఇప్పించాడు, తిండి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. ఇది మాకు చిన్నప్పటి నుంచి తెలిసిన లెక్కే, సాక్ష్యాల్లో చెప్పుకుంటాం. అయితే గ్రానైట్ యూనిట్‌లో చేసే మావాడు ఒకడు లేచి "మాస్టారూ, రోజుకి కూలి ఎంత ఇచ్చారు?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఈ కథ విని ఆ ప్రశ్న అడిగినోడు నాకు తగల్లేదు. మాస్టారు నవ్వి, చూసి చెప్తాన్రా అన్నారు. ఎప్పుడూ వెనక బెంచీలో నిద్రపోయేది వీడే.

ఇంక మా సంఘ పెద్దాయన. పాటలకి వాయించే డ్రమ్ ప్యాడ్స్ సౌండ్ గురించి ప్రతి ఆదివారం నాకు క్లాస్ పీకేది ఈయనే, ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. క్యాంప్ కానుకలు మొత్తం తెచ్చి నాకు కాదు, డిగ్రీ సెకండియర్ చదివే మా యూత్ అమ్మాయి ఒకరి చేతిలో పెట్టి "లెక్క నువ్వే రాయమ్మా, చివర్లో నాకు కాదు, సంఘానికి చెప్పు" అన్నారు. ఆ పిల్ల నోట్‌బుక్ చూడాలి మీరు, ఎడమ పక్క వచ్చింది, కుడి పక్క పోయింది, "ఐస్ 120, కరివేపాకు ఊరికే ఇచ్చారు, అన్న టీ రెండుసార్లు తాగాడు 20" అని నన్ను కూడా వదల్లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక నిలబడి చదివింది, మొదట గొంతు వణికింది, ఎవరో పెద్దాయన గ్యాస్ సిలిండర్ గురించి అడిగితే బిల్లు తీసి చూపించింది. అప్పుడు పెద్దాయన ఆగస్టులో జరిగే ఉజ్జీవ సభల లెక్కలు కూడా యూత్‌కే అన్నారు. నాకు ఇంతకన్నా జీతం అక్కర్లేదు.

ఖర్చులు పోగా 1,340 రూపాయలు మిగిలాయి, సప్లీ రాసేవాళ్ళ బస్ చార్జీలకి వాడదామని పిల్లలే తీర్మానం చేశారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ అమ్మాయికే చెప్పండి, నాకు కాదు. రెండు గరిటెలు, ఒక స్టీలు బకెట్, పచ్చ టార్పాలిన్ మా ఇంట్లో ఉండిపోయాయి, ఎవరివో వచ్చి పట్టుకెళ్ళండి, బకెట్ మీద పేరు అరిగిపోయి కనపడట్లా.