అమ్మ పుస్తకంలో ఎక్కాల్సిన పేర్లు

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారంతో అమ్మ పెద్దకర్మ అయిపోయింది. ఆ హడావుడిలో వచ్చినవాళ్ళతో నిలబడి రెండు మాటలు మాట్లాడింది కూడా లేదు. ఫోన్ చేసి చెబుదామంటే రెండో ఫోన్‌కే గొంతు పూడుకుపోతోంది. అందుకే ఇలా రాస్తున్నాను.

అమ్మ దగ్గర పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి ఉండేది. చదివింపుల పుస్తకమే అనుకునేవాళ్ళం. తీరా చూస్తే అందులో డబ్బు సంగతులు తక్కువ. "పెద్దమ్మాయి పురుడు, రోజూ అరలీటరు పాలు, ఎదురింటి వదిన." "2009 వరద, పడవ, డబ్బు పుచ్చుకోలేదు." పక్కన టిక్కు ఉంటే తిరిగి చేసేసినట్టు, లేకపోతే బాకీ ఉన్నట్టు. ఆ పడవతని కూతురి పెళ్ళికి అమ్మ నాలుగు రోజులు వాళ్ళ వంటింట్లోనే ఉంది. అప్పుడు గానీ టిక్కు పడలేదు.

మొదటి పేజీలో ఒక్కటే వరస. "1977 ఉప్పెన. చీర 1. పేరు తెలీదు." టిక్కు లేదు.

అమ్మకి అప్పుడు ఇరవై మూడేళ్ళు. నవంబరు 19, శనివారం. నాగాయలంకలో అత్తవారితో మేడ మీదకెక్కి బతికింది. సొర్లగొందిలో పుట్టింటివాళ్ళకి ఎక్కడానికి మేడ లేదు. తాతయ్య, ఇద్దరు మామయ్యలు పోయారు. ఆ సంగతి మా దగ్గర ఎత్తేది కాదు. చీర సంగతి మాత్రం చెప్పేది. ఒంటిమీదున్న చీర బురదకి అట్టకట్టుకుపోయిందట. ఎక్కడినుంచో లారీలో బట్టలతో వచ్చినావిడ ఆకుపచ్చ నేతచీర చేతిలో పెట్టి, ఇంకో చీర విప్పి అడ్డంగా పట్టుకుని, అమ్మ కట్టుకునేదాకా అటు తిరిగి నిలబడిందట. "చీరిచ్చినందుక్కాదే, అలా నిలబడింది చూడు, అందుకు" అనేది. పేరడిగే ధ్యాస ఎక్కడుంది అప్పుడు!

ఇప్పుడు నా వంతు. పేర్లు పుస్తకంలో రాస్తాను, ఇక్కడ వరసలతో సరిపెడతాను, ఏమనుకోకండి.

ఆ రోజు ముగ్గేస్తూ అమ్మ కూలబడిపోతే, మూతి వంకర చూడగానే పక్షవాతమని పోల్చి 108కి ఫోన్ చేసింది మందుల షాపు తమ్ముడు. నాలుగున్నర గంటలు దాటితే ఇంజెక్షన్ పనిచెయ్యదని మమ్మల్ని పరిగెత్తించిందీ అతనే. మొదట వెళ్ళిన ఆసుపత్రిలో స్కానింగ్ లేదు, ఆ ముక్క చెప్పడానికి గంటన్నర కూర్చోబెట్టారు. ఆ తర్వాత కరకట్ట మీదుగా విజయవాడ. స్కాన్ తీస్తే మెదడులో రక్తస్రావమన్నారు, ఆ ఇంజెక్షన్ ఇవ్వకూడని రకమేనట. అయినా ఆ గంటన్నర మీద నా కోపం ఇంకా తగ్గలేదు.

ఇంటికి పంపేటప్పుడు వార్డులో నర్సమ్మ, డ్యూటీ అయిపోయాక కూడా ఉండి, మాకు గొట్టంతో తిండి పెట్టే సంగతి నేర్పింది. తలవైపు ఎత్తి పెట్టాలి, రాగిజావ వడగట్టాలి, పోశాక గొట్టాన్ని నీళ్ళతో కడగాలి, రెండు గంటలకోసారి అమ్మని పక్కకి తిప్పాలి. ఆ చివరిదే కష్టం. రాత్రి పన్నెండుకి నేను, రెండింటికి ఎదురింటి వదిన, నాలుగింటికి చిన్నపిన్ని. వదిన ఫోన్ అలారం మా ఇంట్లోకే వినిపించేది. నలభై ఆరు రోజులు పడుకున్న మనిషి వీపు మీద ఒక్క పుండు లేదు. పోయిన రోజు నీళ్ళు పోసేటప్పుడు వదిన అదే అందరికీ చూపించి ఏడ్చింది.

మా పాప సాయంత్రాలు అమ్మమ్మ పక్కన కూర్చుని ఆ పుస్తకం చదివేది. అమ్మకి మాట లేదు, కుడివైపు కదలదు. టిక్కున్న వరస వస్తే ఎడమచేతి వేలితో మంచంపట్టె మీద ఒకసారి కొట్టేది. మొదటి పేజీకి కొట్టలేదు. పాప మళ్ళీ చదివింది, అయినా కొట్టలేదు.

మా సొంత తమ్ముణ్ణి కువైట్ నుంచి ఆ రాత్రికే విమానం ఎక్కించిన రూమ్మేట్లు, తాము తలా కొంత వేసుకుని టికెట్ కొన్నామని ఇప్పటికీ చెప్పలేదు. వాడికి మొన్ననే తెలిసింది. షామియానా అతను అద్దె తీసుకోలేదు. ఇవీ రాస్తున్నాను.

ఇంకొక్క మాట. ఆ ఉప్పెనప్పుడు దివిసీమకి బట్టలు పట్టుకొచ్చిన అమ్మలూ అమ్మమ్మలూ మీ ఇళ్ళల్లో ఎవరైనా ఉంటే, వాళ్ళకి మా అమ్మ తరఫున నమస్కారం చెప్పండి.

మా ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో వచ్చిన క్యారియర్లన్నీ కడిగి పెట్టాను. నీలం మూతది, అడుగున గిన్నెకి చిన్న సొట్ట ఉన్నది ఎవరిదో తేలడం లేదు. మీదైతే వచ్చి తీసుకెళ్ళండి. మైల తీరిపోయింది కాబట్టి ఖాళీగా ఇవ్వను, పెరట్లో నిమ్మకాయలు బాగా కాశాయి.