నాన్న ఇంటికి వచ్చారు, ఆ ఫోటో ఇక పంపకండి

అందరికీ నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను.

మంగళవారం నుంచి మీ ఫోన్లలో తిరుగుతున్న ఫోటోలోని పెద్దాయన మా నాన్న. ఆదివారం సాయంత్రం బరంపురంలో దొరికారు. అదే రాత్రి ఇంటికి తీసుకొచ్చేశాం. బాగా నీరసించిపోయారు, కాళ్ళు వాచాయి, ఎడమ మోచేయి గీసుకుపోయింది. అంతకుమించి ఏమీ కాలేదు, ఆ దేవుడి దయ. ఇది రాస్తుంటే పక్క గదిలోంచి ఆయన గురక వినిపిస్తోంది. ఎన్నేళ్ళుగానో ఆ గురకకి విసుక్కున్నదాన్ని, ఇప్పుడు అది ఒక్క నిమిషం ఆగితే లేచి వెళ్ళి చూసొస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక విన్నపం. ఆ ఫోటో ఇక ఎవరికీ పంపకండి. పెట్టిన చోట తీసేయండి, లేదంటే కింద "దొరికారు" అని రాయండి. ఎందుకు ఇంతగా అడుగుతున్నానంటే, నాన్న కోసం వెతికే రోజుల్లో ఎవరో నాకు తప్పిపోయిన ఒక పిల్లాడి ఫోటో పంపి, మీరు ఎలాగూ తిరుగుతున్నారు కదా, ఇతన్ని కూడా చూడండి అన్నారు. వివరాలు అడుగుదామని అందులో ఉన్న నంబరుకి చేశాను. ఫోన్ ఎత్తింది ఆ పిల్లాడే. రెండేళ్ళ కిందటే ఇంటికి వచ్చేశాడట, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. ఇప్పటికీ వారానికి ఒకరైనా ఫోన్ చేస్తారని చెప్పాడు. పాపం, ఎంత ఓపికగా చెప్పాడో.

నాన్న సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఆయన నలభై ఏళ్ళు టైలరు పని చేశారు. మా ఊళ్ళో ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులైన చాలామంది స్కూలు యూనిఫాంలు ఆయన మిషను మీద కుట్టినవే. అందరికీ ఆయన "మాస్టారు". ఐదేళ్ళ నుంచి మతిమరుపు మొదలైంది. మొదట కొలతలు మర్చిపోయారు, తర్వాత మనుషుల్ని. డిమెన్షియా అని డాక్టరుగారు చెప్పారు. ఈ జబ్బులో నిన్నటివి ముందు పోతాయట, పాతవి చివరిదాకా ఉంటాయట. చేతులకు వచ్చిన పని ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుందట. నాన్న ఒడియా మనలాగే మాట్లాడేవారు, ఏడాది నుంచి అది కూడా పోయింది, తెలుగే మిగిలింది.

పాతవాటిలో ఆయనకు బాగా మిగిలింది చిన్న రైలు. ఈ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. పర్లాకిమిడి రాజావారు వేయించిన నారోగేజి లైను, 1900లో నౌపడా నుంచి మొదలై తర్వాత గుణుపురం దాకా వెళ్ళింది. 2004లో ఆగిపోయి, 2011లో పెద్ద లైనుగా తిరిగి వచ్చింది. నాన్న వయసులో ఉన్నప్పుడు కుట్టిన లంగాలు, జాకెట్లు మూటగట్టి ఆ బండెక్కి గుణుపురం సంతకి తీసుకెళ్ళేవారు. ఈ మధ్య రోజుకి నాలుగుసార్లు, "సంతకి టైమవుతోంది, చిన్న రైలు పోతాది" అంటూ లేచేవారు. మేము గేటుకి గొళ్ళెం పెట్టేవాళ్ళం. మంగళవారం పొద్దున పాలవాడు వచ్చి వెళ్ళాక నేను గొళ్ళెం పెట్టడం మర్చిపోయాను. ఆరు రోజులు ఆ గొళ్ళెం చప్పుడు నా చెవిలోనే ఉంది.

ఆయన స్టేషనుకి వెళ్ళి, గుణుపురం వైపు కాకుండా పూరీ వైపు వెళ్ళే బండి ఎక్కి ఉంటారని ఇప్పుడు అర్థమవుతోంది. ఆ రోజు మాకు తెలియదు. చొక్కా రంగు చూసి పాతపట్నం వైపు నడుస్తూ కనిపించారని ఒకరు చెప్పారు. మా ఊరికీ పాతపట్నానికీ మధ్య ఎంత దూరమని? ఇటు ఒడిశా, అటు ఆంధ్ర. కూరలకి వెళ్ళినంత తేలిగ్గా దాటేస్తాం. మనిషి తప్పిపోయినప్పుడు మాత్రం ఆ గీత ఎంత పెద్దదో తెలిసింది. ఒక స్టేషన్‌లో, "మీ ఇల్లు ఆ రాష్ట్రంలో, అక్కడ ఇవ్వండి" అన్నారు. ఇంకోచోట, "ఇరవై నాలుగు గంటలు చూడండి, వాళ్ళే వస్తారు" అన్నారు. ఇరవై నాలుగు గంటలు ఆగాలని ఏ చట్టంలోనూ లేదు. ఇది దయచేసి అందరూ గుర్తుపెట్టుకోండి. పిల్లల విషయంలో అయితే 2013లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, తప్పిపోయారని వస్తే ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. ఎత్తుకుపోవడం లాంటి నేరం జరిగిందని అనుమానం ఉంటే పరిధి చూడకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకోవాలని 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో కూడా ఉంది. ఇవన్నీ నాకు ముందు తెలియవు. మా పక్క వీధి లాయరు బాబాయిగారు ఆ రాత్రి మా అరుగు మీద కూర్చుని చెప్పారు. మర్నాడు ఆయనే వెంట వచ్చారు. ఫిర్యాదు తీసుకున్న మహిళా ఎస్ఐ గారు అరగంటలో ఫోటో రైల్వే పోలీసులకి, పక్క రాష్ట్రం స్టేషన్లకి పంపించారు. "అమ్మా, భోజనం చేశారా?" అని అడిగింది ఆవిడే. ఆ మాటకే నాకు ఏడుపు వచ్చింది. మేడమ్, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మీ రుణం తీర్చుకోలేం.

ఇక మీ అందరి సంగతి.

మొదట నేను పెట్టిన ఫోటో అన్నయ్య పెళ్ళిలో స్టూడియోవాళ్ళు తీసింది. పట్టు పంచె, కండువా, నున్నగా గీసిన గడ్డం. ఆ ఫోటో చూసి రోడ్డు మీద మా నాన్నని గుర్తుపట్టడం నా వల్ల కూడా కాదు. నాన్న దగ్గర పని నేర్చుకున్న కాశీనగరం తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, మాస్టారు ఈమధ్య ఎలా ఉన్నారో అలా పెట్టు" అన్నాడు. అప్పుడు వంటింట్లో మా పాప తీసిన ఫోటో వెతికాం. నెరిసిన గడ్డం, మెడలో వేలాడే కొలతల టేపు, చుక్కల చొక్కా. ఎవరికైనా ఇలాంటి అవసరం పడకూడదనే కోరుకుంటాను, పడితే మాత్రం మంచి ఫోటో కాదు, నిన్నటి ఫోటో పెట్టండి. పోస్టరు తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి వేయించండి. ఇక్కడ పెద్దవాళ్ళలో చాలామందికి తెలుగు వస్తుంది, ఒడియా బళ్ళో చదివిన పిల్లలకి రాదు. ఒడియా పోస్టరు రాసిచ్చిన మా పాప క్లాస్ టీచరు గారికి కృతజ్ఞతలు.

మీరు ఎంత పంపారో! శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో చూశామన్నారు, ఆమదాలవలసలో అన్నారు, రాయగడలో మజ్జి గౌరమ్మ గుడి మెట్ల మీద అన్నారు. అన్నయ్య విశాఖ నుంచి వచ్చి బైకు మీద అన్నిచోట్లకీ వెళ్ళాడు. అవి నాన్న కాదు. అయినా ఫోన్ చేసిన ఒక్కరి మీద కూడా మాకు కోపం లేదు. ఒక ముసలాయన్ని చూసి ఆగారు, మొహంలోకి చూశారు, మాకు చెప్పాలనుకున్నారు. ఒక్క ఫోన్ మాత్రం క్షమించలేను. "మీ నాన్న ఆసుపత్రిలో ఉన్నారు, మందులకి డబ్బులు వేయండి" అన్నాడు ఒకడు. అన్నయ్య నాలుగు వేలు వేసేశాడు. తర్వాత ఆ ఫోన్ మోగలేదు. ఇలాంటివి వస్తాయి, వీడియో కాల్‌లో మనిషిని చూపించమని అడగండి.

బరంపురంలో నాన్న స్టేషను దగ్గర వరండాలోనే పడుకున్నారట. పొద్దున్నే అక్కడ ఇడ్లీలు అమ్మే అమ్మ రోజూ రెండు ఇడ్లీలు ఆకులో పెట్టి ఇచ్చిందట. మేం డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. చట్నీ ఎక్కువ వేయమని ఆయన కసిరారని నవ్వుతూ చెప్పింది. అమ్మా, మీ చెయ్యి చల్లగుండాలి.

ఆదివారం మధ్యాహ్నం ఆయన ఒక టైలరు కొట్టు ముందు ఆగారు. లోపలికి వెళ్ళి బల్ల మీద ఉన్న గుడ్డని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూశారు. పిచ్చివాడేమో అని వేరే ఎవరైనా అదిలించేవారే. ఆ కొట్టు అన్న అలా చేయలేదు. "గుడ్డ అలా పట్టుకునేది పనివాడే" అనుకున్నారట. కుర్చీ వేసి, ఒక చొక్కా, సూదీ దారం ఇచ్చారు. నాన్న చేత్తో కాజా కుట్టారు. కూతురి పేరు గుర్తులేని మనిషి, కళ్ళద్దాలు లేకుండా, ఒక్క పోగు పక్కకి పోకుండా కాజా కుట్టారు. ఆ చొక్కా నాకు చూపించారు. వేలితో తడిమి చూశాను.

ఆ అన్న తర్వాత నాన్న కాలర్ వెనక్కి తిప్పి చూశారట, కొట్టు లేబుల్ ఉంటే ఊరు తెలుస్తుందని. లేదు. అది దసరాకి నేను కొన్న రెడీమేడ్ చొక్కా. నాన్న కుట్టిన ప్రతి చొక్కాకీ కాలర్ కింద కొట్టు పేరు, ఊరు పేరు ఉండేవి.

ఏ ఊరని ఎంత అడిగినా, "గుణుపురం సంతకి పోవాలి, చిన్న రైలు ఎప్పుడొస్తాది?" అనే అన్నారట. భోజనం తెచ్చిన ఆ అన్న భార్య అది విన్నారు. ఆవిడ పుట్టిల్లు టెక్కలి. చిన్నప్పుడు ఆ బండిలో పర్లాకిమిడి వచ్చేవారట. "చిన్న రైలు అనేది మా లైనువాళ్ళే" అని వెంటనే టెక్కలిలో ఉన్న తమ్ముడికి వాయిస్ మెసేజ్ పెట్టారు. తమ్ముడి ఫోన్లో మీరు పంపిన పోస్టరు రెండు గ్రూపుల్లో ఉంది. గంటన్నరలో అన్నయ్యకి ఫోన్ వచ్చింది. వీడియోలో నాన్న సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు.

కాబట్టి షేర్ చేసిన ప్రతి ఒక్కరూ మా నాన్నని టెక్కలి దాకా తీసుకొచ్చారు. అక్కడి నుంచి ఆ వదినగారు అందుకున్నారు. వదినా, అన్నా, వచ్చే నెల నాన్నని తీసుకుని మీ ఇంటికి వస్తాం.

ఒక సంగతి రాయకుండా ఉండలేను. గురువారం స్టేషన్‌లో నా పక్క బెంచీ మీద ఒక సవర గిరిజన తల్లి కూర్చుంది. కొండ మీది ఊరు. కొడుకు కేరళకి పనికి వెళ్ళాడు, రెండు నెలల నుంచి ఫోన్ లేదు. ఆమె చేతిలో ఆధార్ జిరాక్సు. జిరాక్సుకి జిరాక్సు అది, మొహం ఉండాల్సిన చోట నల్లటి మచ్చ, చెవులు మాత్రం కనిపిస్తున్నాయి. ఇంకో ఫోటో లేదు. ఆమె తెలుగు నాలుగు ముక్కలు, ఒడియా నాలుగు ముక్కలు. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని నిఘంటువు కూర్చిన ఊరు మాది, ఆ రోజు అక్కడ ఆమె మాట పూర్తిగా అర్థమైనవాళ్ళు ఒక్కరూ లేరు. మా నాన్న పోస్టు అప్పటికే మూడువందల మంది పంపారు. ఎందుకంటే నాన్న వాళ్ళ చొక్కాలు కుట్టారు, అన్నయ్యకి స్నేహితులున్నారు, నాకు పోస్టు రాయడం వచ్చు. ఆమె అనుమతితో ఆమె కొడుకు గురించి నేను పెట్టిన పోస్టుని పదకొండు మంది పంపారు.

ఇప్పుడు సవర వచ్చిన ఒక టీచరు గారు ఆమెతో మాట్లాడి వివరాలు రాసుకున్నారు. ఎస్ఐ గారు ఫిర్యాదు తీసుకున్నారు. కొడుకుతో వెళ్ళిన కుర్రాడి ఫోన్లో ఒక మంచి ఫోటో దొరికింది. కొత్త పోస్టరు రేపు పెడతాను. నాన్నకి పంపినట్టే పంపండి. కేరళలో పని చేసే మనవాళ్ళు ఎవరున్నా, మేస్త్రీలు, కాంట్రాక్టర్లు, చర్చిలు, గుడులు, అందరికీ చేరాలి. నా నంబరు అదే ఉంటుంది, మార్చను.

నంబర్లు అడిగినవాళ్ళకి: ఏ అత్యవసరానికైనా 112, రైళ్ళలో 139, పిల్లలకి 1098, పెద్దవాళ్ళకి 14567. రోడ్డు మీద మతిలేక తిరిగే మనిషి కనిపిస్తే పోలీసులకి చెప్పండి. వాళ్ళని కాపాడి, ఇంటివాళ్ళని వెతకాల్సిన బాధ్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పోలీసుల మీద పెట్టింది.

నిన్న నాన్న చొక్కాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. పాత కొట్టు లేబుళ్ళు పెట్టెలో ఇంకా ఒక కట్ట ఉన్నాయి. వాటి వెనక చెరగని ఇంకుతో నా నంబరు రాసి, ఒక్కొక్క కాలర్‌కీ కుడుతున్నాను. నాన్న వచ్చి పక్కన కూర్చుని కాసేపు చూశారు. తర్వాత చొక్కా నా చేతిలోంచి లాక్కుని, కుట్టు వంకరగా ఉందని విప్పేసి, తనే కుట్టడం మొదలుపెట్టారు. నాలుగు అయ్యాయి. ఇంకా తొమ్మిది ఉన్నాయి.