పుంగనూరు దూడకు తండ్రి ఎవరు?

సంపాదకుడు గారికి,

పుంగనూరు అనే మన పొట్టి ఆవుల జాతి దూడల మోజు మీద ఈ మధ్య మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. మోకాలెత్తు దూడను చంకనెత్తుకున్న ఫొటో ముచ్చటగానే ఉంది. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఈ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు దేశమంతా చూసింది కాబట్టి గిరాకీ ఉండటంలో వింత లేదు. మీ కథనంలో దూడ ఎత్తు రాశారు, ధర రాశారు, కొన్నవాళ్ల సంబరం రాశారు. దాని తండ్రి ఎవరో మాత్రం ఎక్కడా లేదు. పశువైద్యుడిగా పనిచేసి రిటైరైన నా కన్ను అక్కడే ఆగింది.

ఈ ఒక్క విషయంలో రేసు గుర్రాల వాళ్లను చూసి నేర్చుకోవాలి. జూదం సంగతి పక్కన పెట్టండి. మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తే గుర్రం తల్లీతండ్రీ ఎవరో పుణెలో రేసు గుర్రాల వంశావళి రాసే స్టడ్‌బుక్ అథారిటీ దగ్గర నమోదై ఉంటుంది. నోటిమాట చెల్లదు, డీఎన్ఏ పరీక్షలో తేలాలి. ఇంగ్లండ్‌లో ఈ వంశావళి పుస్తకం 1791లోనే అచ్చుకెక్కింది. అలాగని వాళ్లు దగ్గరి సంబంధాలు కలపరని కాదు, కావాలనే కలుపుతారు. గొప్ప గుర్రం ఒకటి దొరికితే దాని రక్తం వంశంలో చిక్కగా నిలిచేలా, నాలుగు తరాలు కిందికి దిగాక దాని సంతతిలోనే ఆడా మగా చూసి జత కడతారు. అది లైన్ బ్రీడింగ్. తండ్రికీ కూతురికీ, అన్నకూ చెల్లెలికీ కడితే ఇన్‌బ్రీడింగ్. రెండింటి మధ్య గోడేమీ లేదు, తేడా అంతా దూరంలోనే ఉంది. కలిసొస్తే లైన్ బ్రీడింగ్, బెడిసికొడితే ఇన్‌బ్రీడింగ్ అని గుర్రాలు పెంచేవాళ్లే నవ్వుకుంటారు.

ఆ దూరాన్ని వాళ్లు అంకెల్లో రాసుకుంటారు. ఫ్రాన్స్‌లో జరిగే ఆర్క్ డి ట్రియంఫ్ రేసును 2017లోనూ 2018లోనూ గెలిచిన ఎనేబుల్ అనే ఆడగుర్రాన్ని తీసుకోండి. దాని తండ్రికి తాత, తల్లికి తండ్రి ఒక్కటే: శాడ్లర్స్ వెల్స్. అటు మూడో తరం, ఇటు రెండో తరం కాబట్టి 3×2 అంటారు. లెక్క కడితే 6.25 శాతం వస్తుంది. అంటే ఎనేబుల్ ఒంట్లో ఏ జన్యువును తీసుకున్నా, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వచ్చే దాని రెండు ప్రతులూ ఆ ఒక్క పూర్వీకుడి నుంచే వచ్చే అవకాశం అంత. మన ఇళ్లలో మేనబావను చేసుకుంటే పుట్టే బిడ్డకూ సరిగ్గా ఇదే అంకె. మేనమామను చేసుకుంటే 12.5. తండ్రీకూతుళ్ల కలయికకు 25. మేనరికాలు వద్దని డాక్టర్లు ఎందుకు మొత్తుకుంటారో తెలిసినవాళ్లకు ఇక విడమరిచి చెప్పక్కర్లేదు. దగ్గరి రక్తం చెడు జన్యువును కొత్తగా పుట్టించదు. లోపల దాగి ఉన్నదాన్ని రెండు వైపుల నుంచీ తెచ్చి ఒకే ఒంట్లో కలుపుతుంది.

ఇంత పుస్తకం రాసుకున్నవాళ్లకూ దెబ్బ తప్పలేదు. 2020లో వెలువడిన ఒక జన్యు అధ్యయనంలో పరిశీలించిన రేసు గుర్రాల్లో 97 శాతం వాటి వంశంలో నార్తర్న్ డాన్సర్ అనే ఒకే గుర్రం కనిపించింది. అది పుట్టింది 1961లో. ఇన్‌బ్రీడింగ్ 10 శాతం పెరిగితే గుర్రం అసలు రేసుకు దిగే అవకాశమే 7 శాతం తగ్గుతుందని 2022లో మరో అధ్యయనం చెప్పింది. 2020 నుంచి పుట్టే మగగుర్రాలను ఏడాదికి 140 ఆడగుర్రాలకు మించి దాటించకూడదని అమెరికాలో రేసు గుర్రాలను నమోదు చేసే జాకీ క్లబ్ ఒక నియమం తెచ్చింది. పెద్ద ఫారాల వాళ్లు కోర్టుకెక్కారు. 2022లో ఆ నియమం పోయింది.

అయినా గుర్రానికి పరుగనే జల్లెడ ఒకటుంది. కుంటిదీ ఆయాసపడేదీ అక్కడే తేలిపోతుంది. పుంగనూరుకు బజారు పెట్టిన పరీక్ష ఒక్కటే, పొట్టితనం. అసలు చిక్కు ఇక్కడుంది. దగ్గరి రక్తం కలిసేకొద్దీ పశువు ఎదుగుదల తగ్గుతుంది, చూలు సరిగా నిలవదు, పుట్టిన దూడలు దక్కవు. అంటే మీ ఫొటోలోని బుల్లి దూడ అసలుసిసలు పుంగనూరు కావచ్చు, తండ్రికీ కూతురికీ పుట్టి గిడసబారిందీ కావచ్చు. టేపు పెట్టి కొలిస్తే రెండూ ఒకటే. గిడసబారినదానికే ఎక్కువ ధర పలికితే, రేపు ఆబోతుగా ఉంచుకునేదీ దాన్నే.

ఐర్లండ్‌లో డెక్స్‌టర్ అనే పొట్టి ఆవులున్నాయి. వాటిలో కొన్నిటికి కాళ్లు కురచ కావడానికి ఒక జన్యువు కారణం. అది ఒక ప్రతి ఉంటే ఆవు ముద్దుగా ఉంటుంది, రెండు ప్రతులు కలిస్తే దూడ కడుపులోనే పోతుంది. ఆ జన్యువున్న రెండింటిని జత కడితే సగటున నాలుగు దూడల్లో ఒకటి అలా పోవాల్సిందే. పుంగనూరులో అదే ఉందని నేననడం లేదు. పొట్టితనాన్నే ఎంచుకుంటూ పోయేవాళ్లు ఆ సంగతి ఎరిగి ఉండటం మంచిది.

మన దగ్గర ఇది జరిగే తీరు చాలా మామూలుగా ఉంటుంది. ఒకే ఇంట్లో కోడెదూడనూ పెయ్యదూడనూ ‘జత’గా కొంటారు. ఆ ఇంట్లో ఆబోతు ఒక్కటే అయితే రెండూ తోబుట్టువులే కదా! గోశాలకు ఒక ఆబోతును దానమిస్తారు. మూడేళ్లకు దాని పెయ్యలు ఎదకొస్తాయి, ఆబోతు అక్కడే ఉంటుంది. ఎవరి తప్పూ అనిపించదు, పుణ్యకార్యంలాగే సాగిపోతుంది.

పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం ఈ జాతిని కాపాడుతూ వస్తోంది. అది ఒక్కటే చేస్తే చాలదు. పశువుల చెవికి వేసే పన్నెండంకెల ట్యాగు ఎలాగూ ఉంది. సూది వేయించినప్పుడు ఏ ఆబోతు వీర్యమో రాసుకునే పద్ధతీ ఉంది. ఇళ్లలోనూ గోశాలల్లోనూ నేరుగా దాటించినప్పుడు కూడా ఆబోతు ట్యాగు నంబరును దూడ వివరాల్లో చేర్చాలని పశుసంవర్థక శాఖ ఆదేశించాలి. మొదటి పెయ్య ఎదకొచ్చేలోగా గోశాలలు ఆబోతులను ఒకదానితో ఒకటి మార్చుకునే ఏర్పాటు చేయాలి. అమ్మకానికి పెట్టిన దూడకు తల్లీతండ్రుల డీఎన్ఏ పరీక్ష తప్పనిసరి చేస్తే ఇంకా మేలు. లక్షలు పోసి కొనేవాళ్లకు ఆ ఖర్చు ఒక లెక్కా?

మీ పత్రికకూ ఒక మనవి. ఈసారి బుల్లి దూడ ఫొటో వేసేటప్పుడు ఎత్తు పక్కన తండ్రి నంబరు, తల్లి నంబరు కూడా వేయండి. అమ్మేవాళ్లు చెప్పలేకపోతే, చెప్పలేదనే రాయండి.

— ఒక విశ్రాంత పశువైద్యుడు, మదనపల్లె